మంటలు లేవని నరాలు బాగున్నట్టు కాదు

ప్రశ్న: మావారికి 54 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు. ఈమధ్య మెడికల్ క్యాంపులో పాదాలకు అదురు ఎంత తెలుస్తోందో కొలిచే బయోథీసియోమీటర్ పరీక్ష చేసి 22 వచ్చిందన్నారు. నరాల బలానికి బి12 మాత్రలు రాశారు. మంటలు, తిమ్మిర్లు ఏమీ లేవు కదా, మాత్రలెందుకు అంటున్నారాయన. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: షుగర్‌తో నరాలు దెబ్బతిన్నవారిలో సగం మంది దాకా ఏ బాధా లేకుండానే ఉంటారమ్మా. మంట పుట్టకుండానే స్పర్శ తగ్గిపోతుంది. చెప్పు కాలి నుంచి జారిపోయినా తెలియదు, చెప్పులో రాయి ఉన్నా నడిచేస్తారు. కాబట్టి ఆయన మాట విని ఊరుకోకండి. అలాగని ఆ ఒక్క 22 చూసి జబ్బు ఖాయమనీ అనుకోకండి.

ఆ అంకె వోల్టుల లెక్క. యంత్రం కొనను బొటనవేలికి ఆనించి అదురును సున్నా నుంచి మెల్లగా పెంచుతారు. మొదటిసారి ఎక్కడ తెలిసిందో ఆ అంకె రాసుకుంటారు. 15 లోపు ఉంటే సాధారణం. 25 దాటితే పాదానికి పుండు పడే ముప్పు ఎక్కువ. మీవారిది మధ్యలో ఉంది. అయితే కొనను గట్టిగా నొక్కినా, ఆనెకాయ మీద పెట్టినా, పాదాలు చల్లబడి ఉన్నా అంకె మారిపోతుంది. అదురు ఎలా ఉంటుందో ముందు చేతి మీద చూపించాలి. ఒక్కోచోట మూడుసార్లు చూసి సగటు తీయాలి. క్యాంపు హడావిడిలో ఇవన్నీ జరగడం కష్టం. వయసుతో కూడా ఈ అంకె కొంత పెరుగుతుంది.

అందుకే షుగర్ డాక్టరు దగ్గర పాదాలకు పూర్తి పరీక్ష చేయమని అడగండి. సూదిమొన గుచ్చినట్టు తెలుస్తోందా, చల్లదనం తెలుస్తోందా అని చూస్తే సన్న నరాల సంగతి బయటపడుతుంది. చాలామందిలో ముందు దెబ్బతినేవి అవే. తడితే అదిరే లోహపు కవ్వ, అంటే 128 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్‌తోనూ, మడమ వెనక సుత్తితో తట్టీ పెద్ద నరాలను చూస్తారు. ఇక 10 గ్రాముల మోనోఫిలమెంట్ ఉంది. ఈ నైలాన్ పోగును వంగేదాకా ఆనిస్తే తెలియలేదంటే, పాదాన్ని కాపాడే స్పర్శే పోయిందని అర్థం. చాలాచోట్ల ఇదొక్కటే చేసి నార్మల్ అని పంపేస్తున్నారు. అది చాలదు. ఇది ముదిరిన దశను పట్టే పరీక్ష, మనకు కావాల్సింది అంతకు ముందు దశ.

మాత్రలు ఇంకా మొదలుపెట్టకపోతే ముందు రక్తంలో బి12 చూపించండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో అది తగ్గవచ్చు, ఆ లోపమూ నరాలను ఇలాగే పాడుచేస్తుంది. మాత్రలు వేసుకున్నాక పరీక్ష చేస్తే బి12 అంకె పెరిగిపోయి లోపం దాగిపోతుంది. థైరాయిడ్, కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూడాలి. మద్యం అలవాటుంటే డాక్టరుకు దాచకుండా చెప్పమనండి.

ప్రశ్న: మా అమ్మకు షుగర్. పాదాల స్పర్శ ఇంట్లోనే చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: చూసుకోవచ్చు. ఇంగ్లండ్‌లోని ఇప్స్‌విచ్‌లో రూపొందిన పద్ధతి ఇది, చూపుడువేలు ఉంటే చాలు. అమ్మను పడుకోబెట్టి, కళ్లు మూసుకోమనండి. ముందు కాళ్లు తాకి ఇది కుడి, ఇది ఎడమ అని చెప్పండి. తర్వాత కుడి బొటనవేలు, కుడి చిటికెనవేలు, ఎడమ బొటనవేలు, ఎడమ చిటికెనవేలు, చివరగా కుడి, ఎడమ మధ్యవేళ్లు – ఈ వరసలో ఒక్కో వేలి కొసను ఒకటి రెండు సెకన్లు అలా తాకాలంతే. తెలిసినప్పుడల్లా కుడి, ఎడమ అని ఆమె చెప్పాలి. నొక్కితే, తడితే, నిమిరితే లెక్క తప్పుతుంది. తెలియలేదని మళ్లీ తాకకూడదు. ఆరింటిలో రెండు తప్పాయంటే స్పర్శ తగ్గినట్టే, డాక్టరుకు చూపించండి. ఆరూ తెలిసినా ఏటా జరిగే పరీక్ష మానకూడదు. టైప్ 2 అయితే షుగర్ బయటపడినప్పుడే, టైప్ 1 అయితే ఐదేళ్ల తర్వాత, ఆపై ఏడాదికోసారి చేయించాలి.

ప్రశ్న: నాకు షుగర్. రాత్రిళ్లు అరికాళ్ల మంటలు. నరాల్లో కరెంటు ఎలా పారుతోందో చూసే నెర్వ్ కండక్షన్ పరీక్ష మాత్రం నార్మల్. ఇదెలా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ పరీక్ష పెద్ద నరాలనే కొలుస్తుంది, మీ మంట సన్న నరాలది కావచ్చు. సూదిమొన, వేడి, చల్లదనం తెలుస్తున్నాయో లేదో చూపించుకోండి. ఒక్క కాలికే ఉన్నా, బలహీనత త్వరగా పెరుగుతున్నా, ఒంటి మీద స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉన్నా షుగర్ వల్లే అనుకోకుండా వెంటనే వెళ్లండి. ఆ మచ్చ కుష్ఠుది కావచ్చు, దానికి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా మందులిస్తారు.