జేజికి, మేనత్తకు రొమ్ము క్యాన్సర్. నాకు షుగర్. నాకూ వస్తుందా?

చెల్లీ, "క్యాన్సర్ నాన్న వైపు కదా, నాకేం కాదంటున్నారు, కానీ షుగర్ మొదలైంది, భయంగా ఉంది" అని రాశావు. మాదీ కడప జిల్లానే, ప్రొద్దుటూరు. నాకు బీఆర్‌సీఏ1 అనే, రొమ్ము క్యాన్సర్‌తో ముడిపడిన జన్యువులో లోపం ఉంది, అది నాన్న నుంచే వచ్చింది. ఆయనకు ఏ జబ్బూ రాలేదు. మా మేనత్తకు వచ్చినప్పుడు "ఆమె వేరే ఇంటికి పోయిన మనిషి" అన్నారు మా పెద్దవాళ్లు. జన్యువుకు ఇంటిపేరుతో పనిలేదు. లోపం తల్లికున్నా తండ్రికున్నా బిడ్డకు వచ్చే అవకాశం 50 శాతం.

కణంలో డీఎన్‌ఏ తెగితే సరిచేయడం ఈ జన్యువు పని. అది చెడిపోతే 80 ఏళ్లలోపు వంద మంది ఆడవాళ్లలో దాదాపు 72 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని 2017 నాటి పెద్ద అధ్యయనం లెక్క. మిగిలినవాళ్లకు ఎందుకు రాలేదు? చిన్న చిన్న జన్యు తేడాలు కొంత కారణం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మాత్రం అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 2003లో న్యూయార్క్‌లో చూసిన విషయం. బీఆర్‌సీఏ1లో గానీ, అలాంటిదే అయిన బీఆర్‌సీఏ2లో గానీ లోపం ఉన్నవాళ్లలో 1940కి ముందు పుట్టినవారికి 50 ఏళ్లలోపు ముప్పు 24 శాతం, తర్వాత పుట్టినవారికి 67 శాతం. ఒక తరంలో జన్యువులు మారవు కదా. చిన్న వయసులో ఒళ్లు కదిలించినవాళ్లకు, లావు కానివాళ్లకు జబ్బు ఆలస్యంగా వచ్చింది.

నీ షుగర్ సంగతి ఇక్కడే వస్తుంది. టైప్ 2లో ఇన్సులిన్ సరిగా పనిచేయక, మొదట్లో రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. ఇన్సులిన్, దాన్ని పోలిన ఐజీఎఫ్-1 అనే ఎదుగుదల హార్మోన్ రెండూ కణాలను విభజించమని తోస్తాయి. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్ కాలేయంలో తగ్గి, విడి ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. నెలసరి ఆగాక ఒంటి కొవ్వే ఈస్ట్రోజెన్ తయారు చేస్తుంది. మరమ్మతు సరిగా జరగని కణానికి ఇదంతా అదనపు భారం. అయినా రొమ్ము క్యాన్సర్ ముప్పు లెక్కలో వారసత్వ లోపం ముందు షుగర్ చిన్న విషయమే, దానికి టెన్షన్ పడొద్దు. బరువు, నడక చూసుకో. అవి మంచివే కానీ పరీక్షకు బదులు కావు.

మీ మేనత్త బతికుంటే ముందు ఆమెకే జన్యు పరీక్ష చేయించాలి. జబ్బు వచ్చిన మనిషిలో లోపం దొరికితే, నీలో ఆ ఒక్కటే వెతకొచ్చు. ఆమెకు దొరికి నీకు లేకపోతే ఆ వారసత్వ ముప్పు నీకు లేనట్టే. వేలూరు సీఎంసీలో జన్యు విభాగం ఉంది, పాత బయాప్సీ రిపోర్టులన్నీ తీసుకెళ్లు. నీలో లోపం బయటపడితే 25 ఏళ్ల నుంచి ఏటా ఎంఆర్‌ఐ, 30 నుంచి మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే) కూడా చేయించుకోమంటారు. ఈ లోపంతో అండాశయ క్యాన్సర్ ముప్పూ ఉంటుంది, దాని గురించీ తప్పకుండా అడుగు. రిపోర్టులో "అర్థం తేలని మార్పు" అని వస్తే దాన్ని పాజిటివ్ అనుకుని ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.