ఎర్ర లైటు బ్లింక్ అవుతోందా, వెలుగుతోందా?

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివా. పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు రికార్డ్ చేసి వాటిల్లోంచి కథలు రాద్దామనుకుంటున్నా, ఏ రికార్డర్ కొనమంటారు, ఫోన్ చాలదా అని అడిగావు. మోడల్ సంగతి చెప్తాగానీ ముందు నా పరువు పోయిన ముచ్చట ఒకటి విను.

మొదటి రికార్డర్ కొన్న కొత్తలో రిటైరైన లారీ డ్రైవర్ ఒకాయన దగ్గరికి వెళ్ళా. బటన్ నొక్కా, ఎర్ర లైటు కనపడింది, హమ్మయ్య అనుకుని ఇంక దానివైపు చూడలేదు. గంటన్నర చెప్పాడాయన. ఘాట్ రోడ్డు మీద బ్రేకులు ఫెయిలైన రాత్రి గురించి చెప్తున్నప్పుడైతే ఎడమ చెయ్యి దానంతటదే గేర్ మారుస్తున్నట్టు కదులుతోంది, ఆయనకి తెలీకుండానే. ఇంటికొచ్చి చూస్తే కార్డులో ఫైలే లేదు. ఆ లైటు వెలగట్లేదు నాయనా, బ్లింక్ అవుతోంది. చాలా హ్యాండీ రికార్డర్లలో బటన్ ఒకసారి నొక్కితే స్టాండ్‌బైలోకే వెళ్తుంది, లెవెల్ (గొంతు ఎంత గట్టిగా పడుతోందో) చూసుకోమని ఆగుతుందన్నమాట, ఇంకోసారి నొక్కితేనే అసలు రికార్డింగ్. స్క్రీన్ మీద సెకన్లు కదులుతున్నాయా లేదా అని ఒక్కసారి చూసుంటే సరిపోయేది. సిగ్గు విడిచి మళ్ళీ వెళ్ళి అడిగా. కాదనలేదు పాపం, కానీ పావుగంటలో తేల్చేశాడు, ఆ చెయ్యి కదల్లేదు.

అందుకే ఏ మిషన్ కొన్నా దాంతో వారం రోజులు ఇంట్లోవాళ్ళని విసిగించు. చీకట్లో కూడా బటన్లు వేళ్ళకి తెలియాలి.

ఇక ఫోన్ సంగతి. ఫోన్ చెడ్డదేం కాదు, చేతికి అందినప్పుడు వాడు. కానీ మధ్యలో కాల్ వస్తే చాలా ఫోన్లలో రికార్డింగ్ ఆగిపోతుంది, కొన్ని యాప్‌లు నాయిస్ తీసేస్తున్నామని మెల్లగా అన్న మాటల్ని కూడా తుడిచేస్తాయి. ముసలావిడ గొంతు తగ్గించి కోడలి గురించి ఏదో అంటుంది చూడు, మనకి కావాల్సింది సరిగ్గా అదే, పోయేదీ అదే.

అసలు విషయానికొస్తా. మన చెవి మహా తెలివైంది, తిరుగుతున్న ఫ్యాన్‌నీ పక్కగదిలో టీవీనీ పక్కన పెట్టేసి ఎదుటిమనిషి మాటొక్కటే ఏరుకుంటుంది. మైక్‌కి ఆ తెలివి లేదు, అన్నీ సమానంగానే తీసుకుంటుంది. కాబట్టి నువ్వు కొనే రికార్డర్ కంటే దాన్ని ఎక్కడ పెడతావన్నదే ముఖ్యం. ఎంత చెప్పినా ఈ ముక్క ఎవరూ నమ్మరు, అందరూ ఇంకా ఖరీదైన మిషన్ వైపే చూస్తారు. మైక్‌కీ మనిషికీ మధ్య దూరం రెండింతలు చేస్తే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, ఫ్యాన్ చప్పుడు మాత్రం అంతే ఉంటుంది. గెయిన్, అంటే మైక్ పట్టిన శబ్దాన్ని మిషన్ పెంచే మోతాదు, దాన్ని పెంచుదామంటే రెండూ కలిసే పెరుగుతాయి. ఖరీదైన రికార్డర్‌ని గది అవతల పెట్టడం కంటే మామూలుదాన్ని మూతికి జానెడు రెండు జానల దూరంలో పెట్టడం నయం. మరీ మూతికి ఎదురుగా పెట్టకు, ప ఫ బ భ అన్నప్పుడల్లా గాలి తగిలి డబ్ డబ్ మంటుంది, కొంచెం పక్కకి జరుపు. బల్ల మీద పెడితే కింద మడతపెట్టిన తువ్వాలు వెయ్యి, లేకపోతే ఆయన మాట్లాడుతూ వేళ్ళతో బల్ల మీద కొట్టే ప్రతి దెబ్బా నీ చెవిలో సుత్తి దెబ్బే. బయటైతే మైక్ మీద బొచ్చు తొడుగు తప్పనిసరి, డబ్బాలో ఇచ్చే స్పాంజ్ ముక్క అసలైన గాలికి ఆగదు.

మోడల్ అడిగావు కదా. ఇంటర్వ్యూలకే అయితే టాస్కామ్ డీఆర్-05ఎక్స్ లాంటి చిన్నది చాలు. దాని మైకులు అన్నివైపులా వినే రకం, కాస్త అటూఇటూ తిరిగినా గొంతు పోదు. అదే కంపెనీ డీఆర్-07ఎక్స్ మైకులు ఎదురుగా ఉన్నదాన్ని ఎక్కువ పట్టుకుంటాయి, గోల ఉన్నచోట కొంచెం మేలు, కానీ గాలికీ చేతి కదలికకీ ఎక్కువ గరగర. జూమ్ హెచ్1 ఎసెన్షియల్ అని 2024లో ఒకటొచ్చింది, అది శబ్దాన్ని 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రాసుకుంటుంది. అంటే గెయిన్ తిప్పే పనే లేదు, గుసగుసైనా కేకైనా తర్వాత కంప్యూటర్‌లో పెంచుకోవచ్చు తగ్గించుకోవచ్చు. కొత్తవాళ్ళకి నిజంగానే వరం. అలాగని దూరంగా పెట్టినా పర్లేదనుకునేవు, ఫ్యాన్ గోల 32 బిట్లలోనూ ఫ్యాన్ గోలే. నన్నడిగితే బొమ్మలూ రివ్యూలూ కాదు, మూడు చూడు, హెడ్‌ఫోన్ పెట్టుకోవడానికి రంధ్రం ఉందా, బయటి మైక్ పెట్టుకోవచ్చా, పొరపాటున చెయ్యి తగిలినా ఆగకుండా హోల్డ్ స్విచ్ ఉందా.

బయటి మైక్ అంటే కాలర్ మైక్. మొహమాటస్తులకి ఇదే మంచిది, పెట్టిన పది నిమిషాలకి మర్చిపోతారు. కాకపోతే ఫోన్ కోసం అమ్మే కాలర్ మైక్ పిన్ను మీద మూడు గీతలుంటాయి, రికార్డర్‌కి కావాల్సింది రెండు గీతలది, గుచ్చితే గుచ్చుకుంటుంది గానీ చాలాసార్లు గొంతు రాదు. మెనూలో ప్లగిన్ పవర్ అని ఉంటుంది, రికార్డర్ మైక్‌కి ఇచ్చే కొద్దిపాటి కరెంటన్నమాట, దాన్ని ఆన్ చెయ్యడం మర్చిపోయి మైక్ పాడైందని తిరిగిచ్చేసినవాళ్ళు నాకు తెలుసు (ఒకడు నేనే).

సెట్టింగ్స్ గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోకు. టాస్కామ్ లాంటిదైతే ఫైల్ రకం వేవ్, నాణ్యత 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టి వదిలెయ్. స్టీరియోలో గంటకి ఒక జీబీ దాకా పడుతుంది, 32 జీబీ కార్డుంటే 30 గంటలొస్తుంది, అంత మాట్లాడేవాళ్ళు దొరికితే నాకూ చెప్పు. ఎంపీ3 128లో పెడితే గంటకి 60 ఎంబీ కూడా పట్టదు, నోట్స్‌కి సరే, కానీ ఫైల్ చిన్నది చెయ్యడానికి అది శబ్దంలో కొంత తీసేస్తుంది, పోయింది మళ్ళీ రాదు. ఆటో లెవెల్ ఆపెయ్, మనిషి ఆలోచిస్తూ ఆగినప్పుడల్లా అది గెయిన్ ఎత్తేసి ఫ్యాన్‌ని పైకి లాగుతుంది, ఆ మౌనం కాస్తా హోరైపోతుంది. ముందు ఆయన్ని ఏదో ఒకటి మాట్లాడించి, గట్టిగా అన్న మాట స్క్రీన్ మీది లెవెల్ మీటర్‌లో మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తగిలేలా గెయిన్ సెట్ చేసుకో. సున్నాకి తగిలిందంటే అల పైభాగం కత్తిరించినట్టు పోతుంది, దాన్ని బాగుచెయ్యడం దాదాపు అసాధ్యం. తక్కువొస్తే పెంచుకోవచ్చు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని కనీసం మొదటి రెండు నిమిషాలు విను. మొదట సిగ్గేస్తుంది. కానీ ఫ్రిజ్ గుర్ర్ మంటోందని, ఆవిడ గాజులు కుర్చీ చేతికి తగులుతున్నాయని అప్పుడే తెలుస్తుంది. ఇద్దరి ఫోన్లూ ఫ్లైట్ మోడ్. మొదలెట్టగానే తేదీ, ఎవరితో మాట్లాడుతున్నావో నీ గొంతుతో చెప్పి, రికార్డ్ చేస్తున్నా మీకు సమ్మతమేనా అని అడుగు, ఆ జవాబు కూడా ఫైల్లో ఉండాలి. వద్దంటే ఆపెయ్, బతిమాలకు.

ఇంకో మాట, ఇది నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నా. నా పాత ఫైళ్ళు వింటే అన్నిట్లో నేనే, అవునండీ, అబ్బో, ఊఁ ఊఁ, ఆయన వాక్యం చివరి మాట మీద నా ఊఁ పడి అది వినపడదు. ఎదురుగా ఉన్నప్పుడు మర్యాదే అది, మైక్‌లో మాత్రం దొంగతనం. తలూపు, కళ్ళతో విను. ఆయన ఆగినప్పుడు వెంటనే ఇంకో ప్రశ్న వెయ్యకు, మనసులో అయిదు అంకెలు లెక్కపెట్టు. నాకు దొరికిన మంచి వాక్యాలన్నీ ఆ అయిదు అంకెల తర్వాతవే.

అయిపోయాక ముందు స్టాప్ నొక్కు, సేవ్ అయిందని చూశాకే బ్యాటరీ తీయ్. మధ్యలో పవర్ పోతే ఫైల్ సరిగ్గా ముగియక తెరుచుకోనని మొరాయించొచ్చు. రీచార్జ్ బ్యాటరీలు 1.2 వోల్టులవి, మెనూలో ఆ రకం ఎంచుకోకపోతే బ్యాటరీ మీటర్ తప్పు చూపిస్తుంది. పెద్ద రికార్డింగ్ రెండు ముక్కలుగా కనిపిస్తే కంగారుపడకు, ఫైల్ సైజ్ పరిమితి దాటితే మిషనే కొత్త ఫైల్ మొదలెడుతుంది. రెండుచోట్ల కాపీ చేశాకే కార్డ్ ఫార్మాట్ చెయ్, అదీ కంప్యూటర్‌లో కాదు రికార్డర్‌లోనే.

విని రాసుకునేటప్పుడు, మాటల్ని అక్షరాల్లోకి మార్చే సాఫ్ట్‌వేర్‌ని నమ్ముకోకు. ఆవిడ వచ్చిండ్రు అంటే అది వచ్చారు అని దిద్దినా దిద్దుతుంది, మనకి కావాల్సింది ఆ వచ్చిండ్రే. గంట ఫైల్‌కి నాకు అయిదు గంటలు పడుతుంది, విసుగే, కానీ మనిషి ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అప్పుడే పట్టుబడుతుంది.

రికార్డర్ రాగానే ఒక పని చెయ్. ఫ్యాన్ వేసి, ఒకే పేరా జానెడు దూరంలో ఒకసారి, మూరెడు దూరంలో ఒకసారి, గది ఆ మూల నుంచి ఒకసారి చదివి మూడు ఫైళ్ళూ నాకు పంపు. పేర్లు పెట్టకు, ఏది ఏదో నేను చెప్తా. సెకన్లు కదులుతున్నాయో లేదో చూసుకున్నాకే చదవడం మొదలెట్టు.

మీ అన్న