ఎర మాది, పొలం మీది అంటే ఒప్పుకోకు

అమ్మా,

ఆశీస్సులు. పప్పుధాన్యాల పూత, కాయల్ని తినే మారుకా మచ్చల పురుగు లింగాకర్షక ఎరల (మగ పురుగుల్ని రప్పించే ఆడ పురుగు వాసన) మీద విదేశీ సంస్థలతో కలిసి పనిచేయబోతున్నావని తెలిసి సంతోషం వేసింది. నువ్వు పంపిన ముసాయిదా చదివాను. పురుగులు పడే ఎర బుట్టలకు సంబంధించి నీ వంతు పని "బుట్టలు కట్టడం, లెక్కలు పంపడం" అని రాశారు. సంతకం పెట్టేముందు ఆ వాక్యం మార్పించు.

శనగపచ్చ పురుగైతే కొంత నయం. దాని ఎరకు రెండు రసాయనాల 97:3 పాళ్ల మిశ్రమం ఎప్పుడో తేలిపోయింది, ఎర తెచ్చి కట్టుకోవచ్చు. మారుకా అలా లొంగదు. దాని ఆకర్షకంలో ప్రధాన భాగం ఇ,ఇ-10,12-హెక్సాడెకాడైఈనాల్ అనే రసాయనం. బ్రిటన్‌లోని నేచురల్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్, పశ్చిమ ఆఫ్రికాలో ఐఐటీఏ (అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ) కలిసి బొబ్బర్ల పొలాల్లో పరీక్షించాయి. బెనిన్, ఘనాల్లో మరో రెండు రసాయనాలు 100:5:5 పాళ్లలో కలిపిన ఎరకు రెక్కల పురుగులు బాగా పడ్డాయి. పక్కనే ఉన్న బుర్కినా ఫాసోలో ప్రధాన భాగం ఒక్కటే సరిపోయింది. తైవాన్‌కు వచ్చేసరికి ఆ ఎరలు పనిచేయలేదు. అంటే మీ పొలాల్లో పురుగు దేనికి వస్తుందో ఏ దేశపు ప్రయోగశాలా ముందే చెప్పలేదు. ఆ ప్రశ్న నీది. ప్రాజెక్టులో అది నీ పేరు మీదే ఉండాలి.

కాబట్టి మీ ప్రాంతపు ఆడ పురుగుల వాసన గ్రంథుల నుంచి సారం తీసే పని మొదటి ఏడాదిలోనే పెట్టించు. అర్ధరాత్రి దాటాక ఆడది పొట్ట చివర ఎత్తి గ్రంథి బయటపెట్టినప్పుడే కోసి, వాసన రసాయనాల్ని కరిగించే హెక్సేన్‌లో వేయాలి, పగలు తీస్తే ఏమీ దొరకదు. ఈ రాత్రి డ్యూటీ ఎవరిది, వాళ్ల జీతం ఎవరిస్తారు అన్నది కూడా రాయించు. బతికున్న పురుగుల్ని పంపడం కన్నా సారం పంపడం తేలికే గానీ, హెక్సేన్ మండే ద్రవం, విమానంలో మామూలు పార్సిల్‌గా వెళ్లదు. దానికి తోడు జీవవనరుల వాడకం, లాభాల పంపకం మీద దేశాలు చేసుకున్న నగోయా ఒప్పందం 2014లో అమల్లోకి వచ్చాక జీవవనరులు దేశం దాటించాలంటే చాలా చోట్ల ముందస్తు అనుమతి, లాభాల పంపకం మీద రాతపూర్వక అంగీకారం కావాలి. దీనికి నెలలు పడుతుంది. నిధులు వచ్చాక చూద్దాంలే అనుకుంటే ఒక పంట పోయినట్టే. పూత దశ మీ గ్రాంటు కోసం ఆగదు కదా!

లెక్కల ఫారం కూడా నువ్వే తయారు చెయ్యి. లింగాకర్షక ఎర అంటే మగవే పడతాయనుకుని ఒకే గడి పెడతారు. బెనిన్‌లో కృత్రిమ ఎరలకు ఆడవీ చెప్పుకోదగినన్ని పడ్డాయి. అందుకని పొట్ట చివర చూసి ఆడామగా విడిగా రాయాలి. ఎరల మీద పేర్లొద్దు, కోడ్ అంకెలు చాలు. ఏ బుట్టలో ఏముందో లెక్కపెట్టేవాడికి తెలియకూడదు. ఎర లేని ఖాళీ బుట్ట ప్రతి వరుసలోనూ ఉండాలి, బుట్టల చోట్లు మారుస్తూ ఉండాలి. ఖరీదైన బుట్టలు పంపుతామంటే తీసుకో, పక్కన ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాకు కిటికీలు కోసినదీ పెట్టి చూడు. బెనిన్‌లో అలాంటివి బాగా పనిచేశాయి. రైతు చివరికి కొనగలిగేది అదే.

ఇంకొకటి. ప్రతిపాదనలో "పురుగు నివారణ" అని గొప్పగా రాశారు. బుట్టలు ప్రధానంగా చెప్పేది పురుగు ఎప్పుడు వస్తోందో. సంపర్కం అయిపోయిన ఆడవి బయటి నుంచి ఎగిరొస్తే మగవాటిని ఎన్ని పట్టినా గుడ్లు పడుతూనే ఉంటాయి. "నిఘా" అని మార్చమను, లేకపోతే మూడో ఏడు సమీక్షలో నిన్నే నిలదీస్తారు.

రచయితల వరుస, ముడి డేటా ఎవరి దగ్గర ఉంటుంది, మీ ప్రాంతపు మిశ్రమం తేలితే ఎర తయారుచేసి అమ్మే హక్కు ఎవరిది, ఈ మూడూ ఇప్పుడే తేల్చుకో. అడగడానికి మొహమాటమైతే మీ డైరెక్టర్ చేత అడిగించు. నాకు రెండో అనుబంధం రాలేదు. డబ్బు లెక్కలన్నీ అందులోనే ఉంటాయి, వెంటనే పంపు.