చిన్న షాపుల ఫ్రీజర్లు మార్పించే పనిలో భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉంది. చికెన్ షాపులు, బేకరీలు, ఐస్‌క్రీం పార్లర్ల వాళ్లు పర్యావరణానికి హాని చేయని ఫ్రీజర్లకు మారేలా సాయం చేసే పనిలోకి వెళ్తానంటోంది. చివరికి ఫ్రిజ్ మెకానిక్‌గా మిగిలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. అలాంటి ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా? – ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. మెకానిక్ పని చేతికి రాని వాళ్లు చెప్పే సలహాను ఏ షాపు యజమానీ వినడు. మొదటి రెండు మూడేళ్లు మీ అమ్మాయి గేజీలు, వ్యాక్యూమ్ పంపు పట్టుకుని తిరగాల్సిందే. అందులో చిన్నతనమేమీ లేదు.

ఇక అవకాశాల మాట. డీప్ ఫ్రీజర్లలో చాలాకాలంగా వాడుతున్న ఆర్-404ఎ గ్యాస్ ఒక్క కిలో గాలిలో కలిస్తే, వందేళ్ల లెక్కన సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదిలినంత నష్టం. అదే ప్రొపేన్, అంటే ఆర్-290 అయితే మూడు కిలోలకు మించదు. ఆర్-404ఎ లాంటి గ్యాసులను తగ్గించాలని 2016లో రువాండా రాజధాని కిగాలిలో దేశాలు ఒప్పుకున్నాయి. మన దేశం 2021లో ఆమోదం తెలిపింది. 2028లో వాడకం పెరగకుండా కట్టడి మొదలవుతుంది, 2032కి పది శాతం కోత, 2047కి 85 శాతం. మీ అమ్మాయి ఉద్యోగ జీవితమంతా ఈ మార్పు నడుస్తూనే ఉంటుందన్నమాట.

అయితే షాపాయన ఈ లెక్కలు వినడు. ఆయనకు కావాల్సింది కరెంటు బిల్లు తగ్గడం, సరుకు పాడవకపోవడం. ఏదైనా చికెన్ షాపులో ఫ్రీజర్ వెనక్కి వెళ్లి చూడమనండి. వేడిని బయటికి పంపే కండెన్సర్ నిండా దుమ్ము, ఈకలు. గోడకు ఆనించి పెట్టడంతో వేడి బయటికి పోయే దారే ఉండదు. తలుపు రబ్బరు చిరిగి, దాని చుట్టూ మంచు పేరుకుని ఉంటుంది. కంప్రెసర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ఏటా ఎండాకాలంలో ఎవరో వచ్చి లీకు ఎక్కడో చూడకుండానే గ్యాస్ పట్టి వెళ్తారు. ఆ గ్యాసూ మళ్లీ గాలిలోకే. ఇవన్నీ సరిచేసి, ఇరవై నాలుగు గంటల యూనిట్లు మీటరు మీద చూపించగలిగితే, ఆ తర్వాత కొత్త మెషిన్ గురించి ఆమె చెప్పే మాట ఆయన చెవికెక్కుతుంది.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పండి. పాత ఫ్రీజర్‌లో ప్రొపేన్ నింపే పనికి ఎవరు పిలిచినా వెళ్లకూడదు. అది మండే గ్యాస్. దానికోసం తయారైన మెషిన్లలో గ్యాస్ కొద్దిగానే ఉంటుంది, స్విచ్చుల దగ్గర నిప్పురవ్వ వల్ల అది అంటుకోకుండా ఏర్పాట్లూ ఉంటాయి. పాత మెషిన్‌లో అవేవీ ఉండవు. అందుకే పాతదాన్ని లీకుల్లేకుండా చూసుకుని, దాని కాలం తీరాక గ్యాస్‌ను రికవరీ మెషిన్‌తో సిలిండర్‌లోకి తీసి, ఆర్-290తో వచ్చిన కొత్తది కొనిపించడమే సరైన దారి. ‘ఇప్పుడే కొనొద్దు’ అని చెప్పగల నిజాయితీ ఈ పనిలో చాలా ముఖ్యం.

డిప్లొమా అవ్వగానే నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్ కింద ఏడాది అప్రెంటిస్‌షిప్ చేయించండి. ఇళ్ల ఏసీలు చూసేచోట కాకుండా డీప్ ఫ్రీజర్లు, కోల్డ్ రూములు చూసేచోట దొరికితే మంచిది. కేంద్ర పర్యావరణ శాఖలోని ఓజోన్ సెల్ ఆధ్వర్యంలో టెక్నీషియన్లకు శిక్షణలు జరుగుతుంటాయి, అవి వదులుకోవద్దు. తర్వాత డెయిరీ, ఐస్‌క్రీం కంపెనీల్లో సరుకును చల్లగా ఉంచి చేరవేసే కోల్డ్ చైన్ విభాగాలు, ఫ్రీజర్ తయారీ సంస్థల సర్వీసు విభాగాలు ఉన్నాయి. డిప్లొమా వాళ్లు బీటెక్‌లో చేరేందుకు ఉన్న ఈసెట్ రాసి బీటెక్ చేస్తే, అనుభవం వచ్చాక ఎనర్జీ ఆడిటర్ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతోందో లెక్క తేల్చేవారు) పరీక్షకూ వెళ్లొచ్చు.

జీతం మొదట్లో తక్కువే. సొంతంగా పెట్టుకున్నా చిన్న షాపులు సలహాకు డబ్బివ్వవు, సర్వీసుకే ఇస్తాయి. అందుకని పది ఇరవై షాపులతో ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందాలు చేసుకుంటే ఆదాయం నిలకడగా ఉంటుంది. కారం, పచ్చళ్లు, పిండివంటల్లాంటి చిన్న ఆహార తయారీ యూనిట్లకు 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా పది లక్షల సబ్సిడీ ఉంది. దాని దరఖాస్తుల్లో సాయపడేందుకు జిల్లా రిసోర్స్ పర్సన్లు ఉంటారు. అలాంటి యూనిట్లు ఆమెకు ఖాతాదారులు కావచ్చు కాబట్టి వాళ్లతో పరిచయం పెంచుకోమనండి. ప్రస్తుత గడువు, నిబంధనలు జిల్లా పరిశ్రమల కేంద్రంలో కనుక్కోండి.

ఈ రంగంలో ఆడపిల్లలు తక్కువ. రాత్రి కాల్స్ ఎవరు చూస్తారు, బరువైన కంప్రెసర్లు మోయడానికి తోడు ఇస్తారా అని కంపెనీలో చేరేముందే అడగండి.

ఈ సెలవుల్లో ఆమెకు ప్లగ్‌కు పెట్టే ఎనర్జీ మీటరు ఒకటి కొనివ్వండి. తెలిసిన షాపులో ఫ్రీజర్ శుభ్రం చేయకముందు ఒకరోజు, చేశాక ఒకరోజు యూనిట్లు రాసుకోమనండి. అప్రెంటిస్ ఇంటర్వ్యూకి ఆ కాగితం పట్టుకెళ్లాలి.