ముప్పై వేలలో ల్యాప్‌టాప్: కొత్తదా, రీఫర్బిష్డా?

ప్రశ్న: మా పాపకు అనంతపురం జేఎన్‌టీయూలో బీటెక్ సీఎస్ఈ సీటు వచ్చింది. ల్యాప్‌టాప్‌కు 30 వేలు పక్కన పెట్టినాం. ఒక షోరూములో కొత్తది 29,990కి చూపిస్తున్నారు: రైజన్ 3 7320యూ, 8 జీబీ ర్యామ్. ఇంకో షాపులో రీఫర్బిష్డ్ (వాడినదాన్ని బాగుచేసి అమ్మే) డెల్ లాటిట్యూడ్, ఐ5, 16 జీబీ, 256 జీబీ ఎస్ఎస్‌డీ 24 వేలంటున్నారు. బెంగళూరులో కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో అదే 21 వేలకు ఇస్తారని బంధువుల మాట. ఏది తీసుకోమంటారు?
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: ఐ5 అన్నది ఇంటెల్ ప్రాసెసర్ పేరు, దాని తర్వాత ఉండే నంబరు మీరు రాయలేదు. షాపువాళ్లూ తమంతట తాము చెప్పరు. అసలు విషయమంతా ఆ నంబరులోనే ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ తెరిస్తే కనిపిస్తుంది. నాలుగంకెల నంబరు 7తో మొదలైతే (7200యూ, 7300యూ) ఏడో జనరేషన్, అంటే ఏడో తరం, 8తో మొదలైతే (8250యూ, 8350యూ) ఎనిమిదోది. 10210యూ అంటే పదో జనరేషన్, 1135జీ7 అంటే పదకొండోది. మోడల్ పేరు చూసి నమ్మొద్దు. ఒకే పేరుతో రెండు జనరేషన్లు వచ్చిన మోడళ్లున్నాయి.

ఏడుకూ ఎనిమిదికీ మధ్య తేడా ఒక్క అంకెతో పోదు. ల్యాప్‌టాప్‌లలో వాడే యూ రకం ఐ5కు ఏడో జనరేషన్ దాకా రెండే కోర్లు (లెక్కలు చేసే భాగాలు), ఎనిమిదో జనరేషన్ నుంచి నాలుగు. విండోస్ 11 కూడా, ఏవో కొన్ని మినహాయింపులు తప్ప, ఎనిమిదో జనరేషన్ నుంచే అధికారికంగా ఒప్పుకుంటుంది. విండోస్ 10కి ఇచ్చే మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆఫీసుల నుంచి పాత మెషీన్లు గుట్టలుగా బయటికి రావడానికి అదీ ఒక కారణం. ఆరు, ఏడు జనరేషన్ల వాటిలోనూ తనిఖీని దాటించి విండోస్ 11 ఎక్కించి అమ్ముతున్నారు. ఇప్పటికి నడుస్తుంది గానీ ముందుముందు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదు. నాలుగేళ్ల చదువుకు అలాంటిది పదిహేను వేలకిచ్చినా వద్దు.

ఇక ఆ కొత్తది. 7320యూ 2022లో వచ్చింది గానీ లోపలున్నది 2019 నాటి పాత డిజైను, జెన్ 2 కోరే. అదైనా సర్దుకోవచ్చు. అసలు ఇబ్బంది ర్యామ్‌తో. ఈ ప్రాసెసర్‌కు ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్ మాత్రమే సరిపోతుంది, అది మదర్‌బోర్డుకే అతికించి వస్తుంది. కొన్న రోజున 8 జీబీ ఉంటే చివరిదాకా 8 జీబీయే. మొదటి ఏడాది సీ, పైథాన్‌కు చాలు. తర్వాత ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియోలో ఎమ్యులేటర్ (తెర మీదే నడిచే నకిలీ ఫోన్) నడపాలంటే 16 జీబీ కావాలి.

కాబట్టి ఆ లాటిట్యూడ్ పదో జనరేషనో, పదకొండోదో అయితే అదే తీసుకోండి. ఎనిమిదోదైతే పనికొస్తుంది, కానీ 24 వేలు ఎక్కువ, గట్టిగా బేరమాడండి. మరో ఆరేడు వేలు కూడగట్టగలిగితే కొత్తదాంట్లో ఐ3-1215యూ, ర్యామ్‌కు ఖాళీ స్లాటు ఉన్న మోడల్ దొరుకుతుందేమో చూడండి. దొరికితే రీఫర్బిష్డ్ జోలికే పోనక్కర్లేదు. సెలెరాన్ (బలహీనమైన ప్రాసెసర్), 4 జీబీ, ఈఎంఎంసీ (ఎస్ఎస్‌డీ కంటే నెమ్మదైన స్టోరేజీ) అన్న మాటలు కనబడితే మాత్రం అది కొత్తదైనా వదిలేయండి.

బెంగళూరు సంగతి: మిగిలేది మూడు వేలు, దూరం రెండు వందల కిలోమీటర్ల పైమాట. కీబోర్డులో రెండు కీలు పనిచేయకపోతే మళ్లీ బస్సెక్కాలి. ఆ బంధువులే షాపు చుట్టూ తిరుగుతామంటే సరే.

డబ్బు కట్టే ముందు షాపులోనే బ్యాటరీ చూడండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, ఇంగ్లిష్‌లో పవర్ అన్న మాటకు సి, ఎఫ్, జి అక్షరాలు కలిపి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, బ్యాటరీ, రిపోర్ట్ రెండూ విడదీయకుండా కొట్టి (powercfg /batteryreport) ఎంటర్ నొక్కండి. రిపోర్టు ఎక్కడ సేవ్ అయిందో అదే చెబుతుంది. అందులో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ చార్జ్ కెపాసిటీ 30,000 ఉంటే మిగిలింది 60 శాతం. రెండూ అచ్చంగా ఒకే అంకె, సైకిల్ కౌంట్ (ఎన్నిసార్లు చార్జ్ అయిందన్న లెక్క) సున్నా అని ఉంటే సంబరపడకండి, లోకల్ బ్యాటరీ వేసి ఉండొచ్చు. చార్జర్ తీసి, తెర వెలుతురు పూర్తిగా పెంచి అరగంట వీడియో ఆడించండి. 10, 15 శాతం తగ్గితే బాగున్నట్టు. 25 దాటితే ఆ బ్యాటరీ రెండు గంటలకు మించి రాదు, కొత్త బ్యాటరీ ధర బేరంలో తీసేయమనండి.

ఆ అరగంటలోనే ఫ్యాను హోరెత్తి, మెషీన్ నెమ్మదిస్తే లోపల దుమ్ము పట్టిందనో, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్టు ఎండిందనో అర్థం. మన మే నెల ఎండల్లో అది ఇంకా ముదురుతుంది. శుభ్రం చేసి, పేస్టు మార్చి ఇమ్మనండి, పెద్ద పనేం కాదు. డెల్‌కు లోకల్ చార్జర్ ఇస్తే అడాప్టర్ రకం తెలియడం లేదని తెర మీద వస్తుంది. అలాంటప్పుడు బ్యాటరీకి చార్జింగ్ ఎక్కదు, ప్రాసెసర్ వేగం కూడా పడిపోతుంది.

ప్రశ్న: కర్నూలులో రీఫర్బిష్డ్ థింక్‌ప్యాడ్ కొన్నాను. మూడు నెలలు బాగా నడిచింది. నెమ్మదిగా ఉందని రీసెట్ చేస్తే ఇప్పుడు ఏదో కంపెనీ పేరు చూపించి, ఆ కంపెనీ మెయిల్‌తో లాగిన్ అవమంటోంది. విండోస్ మళ్లీ వేయిస్తే పోతుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: పోదు. ఎస్ఎస్‌డీ మార్చినా పోదు. పాత కంపెనీ ఆ మెషీన్‌ను ఆటోపైలట్‌లో (కంపెనీలు తమ కంప్యూటర్లను గుర్తించి నడిపించుకునే మైక్రోసాఫ్ట్ సేవ) నమోదు చేసి, అమ్మేటప్పుడు తొలగించలేదు. ఆ గుర్తు మైక్రోసాఫ్ట్ దగ్గర, మీ హార్డ్‌వేర్ వివరాలతో ఉంటుంది. నెట్ లేకుండా సెటప్ చేసి అమ్మారు కాబట్టి ఇన్నాళ్లూ బయటపడలేదు. మామూలుగా దాన్ని తీసేయాల్సింది ఆ కంపెనీయే. బిల్లు పట్టుకుని అమ్మినవాళ్ల దగ్గరికి వెళ్లి కంపెనీతో తీయించమనండి, లేదా మార్చి ఇమ్మనండి. నెట్ ఆపి మళ్లీ దాటించి ఇస్తామంటే ఒప్పుకోవద్దు, తర్వాతి రీసెట్‌కు మళ్లీ ఇదే కథ.

కొనబోయేవారు షాపులోనే రీసెట్ చేయించి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ ఇచ్చి సెటప్ పూర్తి చేయండి. గంట పట్టినా కూర్చోండి. విండోస్ కంటే ముందే తెరుచుకునే సెట్టింగుల తెర, బయాస్‌లోకి కూడా వెళ్లి చూడండి; ఆన్ చేస్తూనే నొక్కాల్సిన కీ: డెల్‌కు ఎఫ్2, హెచ్‌పీకి ఎఫ్10, థింక్‌ప్యాడ్‌కు ఎఫ్1. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే ఆ మెషీన్ వద్దు.

ప్రశ్న: బిల్లు లేకుండా తీసుకుంటే రెండు వేలు తగ్గిస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థిని, కడప

జవాబు: వద్దమ్మా. దొంగసొత్తు అయితే మీ మెడకు చుట్టుకుంటుంది, కాకపోయినా వారంటీ అడగడానికి చేతిలో కాగితం ఉండదు. బిల్లు మీద సీరియల్ నంబరు, వారంటీ ఎన్ని నెలలు, దేనికి వర్తిస్తుంది అన్నవి రాయించుకోండి. ఊరికే 'ఆరు నెలల వారంటీ' అంటే చాలాచోట్ల బ్యాటరీ, చార్జర్, తెర అందులోకి రావు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, బయాస్‌లో కనిపించేది ఒకటేనా చూడండి. తేడా ఉంటే మదర్‌బోర్డో, అడుగు భాగమో మార్చి ఉంటారు.