రంగులు తేలిన పాత వెండి నాణేనికి ఎక్కువ ధర పెట్టవచ్చా?

రంగు సహజంగా వచ్చిందని నమ్మకంగా తేలి, నాణెం కూడా అరగకుండా ఉంటే తప్ప, రంగు కోసమే రెండింతలు మూడింతలు పెట్టడం దండగ.

గాలిలో, పాత కాగితంలో, అట్టపెట్టెలో ఉండే గంధకం తగిలి వెండి మీద పలుచని సల్ఫైడ్ పొర కడుతుంది. తడి రోడ్డు మీద పడ్డ డీజిల్ చుక్క మెరిసినట్టే, ఆ పొర పైనుంచీ అడుగునుంచీ వెలుగు తిరిగి రావడంతో రంగులు కనిపిస్తాయి. మందం పెరిగేకొద్దీ పసుపు, ఊదా, నీలం, చివరికి నలుపు. చిక్కేమిటంటే, ఏళ్ల తరబడి ఏర్పడే ఈ పొరనే గంధకం పట్టించి, వేడి చేసి కొద్దిసేపట్లో తెప్పించవచ్చు.

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు పాత ఇళ్లలో దొరికే చివరి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు, చార్మినార్ బొమ్మ ఉన్న రూపాయినే తీసుకోండి. సుమారు 11 గ్రాముల వెండి నాణెం. అక్షరాలు అరిగిపోయి, గీతలు పడ్డచోట కూడా ఒకే తీరు నీలం మెరుస్తుంటే అనుమానించాల్సిందే. సహజమైన రంగు చాలావరకు అంచు నుంచి లోపలికి మెల్లగా మారుతుంది.

రంగుంటే బాగా పాతదని చాలామంది అనుకుంటారు. కాదు, అది దాచిన తీరును బట్టి వస్తుంది. అలాగని చింతపండుతో తోమకండి, ఉన్న ధరా పోతుంది.