పాత కుట్టు మిషన్లు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: కాకినాడలో పాత సామాన్ల కొట్లో సింగర్ కాలి మిషన్ ఒకటి చూశాను. తీసుకునే ముందు ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పిఠాపురం

జవాబు: కొత్త సూది, దారం, కాటన్ గుడ్డ ముక్క, చిన్న స్క్రూడ్రైవరు పట్టుకెళ్ళండి. ముందు మిషను తలను (బల్ల మీదుండే ఇనుప భాగాన్ని) వెనక్కి వాల్చి, సెల్‌ఫోన్ లైటు వేసి అడుగుభాగం చూడండి. పైపై తుప్పుకి భయపడక్కర్లేదు. పోత ఇనుములో పగులు కనబడితే మాత్రం బేరం ఆడకుండా వచ్చెయ్యండి, దానికి వెల్డింగు సరిగా నిలవదు.

తర్వాత సూది పక్కన జారుడు రేకు జరిపి, అడుగుదారం చుట్టే బాబిన్ చూడండి. గుండ్రటి బాబిన్ అయితే దాన్ని పెట్టే కేసు పోయినా విడిభాగాల కొట్లో దొరుకుతుంది. పొడుగాటి సన్న బాబిన్, అది కూర్చునే పడవలాంటి షటిల్ ఉండే రకమైతే షటిల్ కళ్ళజూశాకే డబ్బుల మాట. అది పోయి వేరేది దొరక్కపోతే మిషను ముందుగదిలో అలంకారానికి తప్ప పనికిరాదు.

వయసు గురించి కొట్టువాళ్ళు చాలా చెబుతారు. సింగర్ సీరియల్ నంబరుకి ముందు ఇంగ్లీషు అక్షరం లేకపోతే అది 1900కి ముందుది. మోడల్ నంబరు 15కె అని ఉంటే, ఆ ‘కె’ స్కాట్లాండులోని కిల్‌బోవీ ఫ్యాక్టరీకి గుర్తు. అది 1980లో మూతపడింది. పాతదన్న ఒక్క మాటకి ఎక్కువ పెట్టకండి. ఆ కంపెనీ ఇవి లక్షల్లో చేసింది.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరదకి మిషను రెండు రోజులు నీళ్ళలో నానింది. ఆరాక తుప్పు పట్టకుండా కొబ్బరినూనె పోశాం. ఇప్పుడు చక్రం అస్సలు కదలడం లేదు. పారెయ్యాలా?
– ఒక పాఠకుడు, పి.గన్నవరం

జవాబు: పారెయ్యొద్దు, బలవంతంగా తిప్పనూ వద్దు. లోపల వండ్రు ఉంది. తిప్పితే ఇసుక రేణువులు అడుగున దారం పట్టే హుక్కునీ ఇరుసుల్నీ గీరేస్తాయి. దానికి తోడు కొబ్బరినూనె. కుట్టు మిషనుకి అంత చెడ్డ నూనె ఇంకోటి లేదు. సుమారు 24 డిగ్రీల కింద గడ్డకడుతుంది, ధనుర్మాసం పొద్దుళ్ళలో మీరే చూసుంటారు. పైగా దుమ్ముతో కలిసి కొన్నాళ్ళకి జిగురైపోతుంది. ఆముదమూ జిగురయ్యేదే.

ముందు బెల్టు తప్పించండి. తల వెనక రెండు కీళ్ళ పిన్నులుంటాయి. వాటిని పట్టి ఉంచే స్క్రూలు అడుగున వదులు చేస్తే తల లేచొస్తుంది. బరువుగా ఉంటుంది, ఇద్దరు పట్టుకోండి. ఎడమవైపు మూత, సూది కింది రేకు, షటిల్ విప్పండి. విప్పే ప్రతి మెట్టులో ఫొటో తీసుకోండి. ఎండిన వండ్రుని పాత పళ్ళ బ్రష్షుతో పొడిగానే దులిపి, మిగిలింది కిరోసిన్‌తో కడగండి. కిరోసిన్ దొరక్కపోతే డీజిలు వాడొచ్చు గానీ వాసన తొందరగా వదలదు. మోటారు ఉంటే ముందే తీసెయ్యండి, పొయ్యి దగ్గర ఈ పని పెట్టుకోకండి.

ఎక్కడ పట్టేసిందో తెలియాలంటే చక్రం మధ్యనున్న గుండ్రటి నాబు వదులు చెయ్యండి. అప్పుడు చక్రం ఒక్కటే తిరిగితే జామ్ తల లోపల ఉన్నట్టు. చక్రం కూడా కదలకపోతే దాని ఇరుసే పట్టేసినట్టు. సూది కడ్డీ, గుడ్డని నొక్కే పాదం కడ్డీ, అడుగున షటిల్ ఇరుసు, పైనున్న నూనె బెజ్జాలు అన్నింటిలో రెండేసి చుక్కల కిరోసిన్ వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దున చక్రాన్ని ముందుకీ వెనక్కీ బియ్యపుగింజంత మాత్రమే కదపండి. కదలకపోతే మళ్ళీ చుక్కలు, మళ్ళీ రాత్రి. మూడు నాలుగు రోజులు పట్టినా సుత్తి జోలికి పోవద్దు. 

వదులయ్యాక పని సగమే అయినట్టు. కిరోసిన్ కడిగేదే గానీ కందెన కాదు. అలాగే వదిలేస్తే మళ్ళీ తుప్పు. శుభ్రంగా తుడిచి, తెల్లటి మిషను ఆయిలు ప్రతి బెజ్జంలో ఒక్కో చుక్క వేసి, దారం లేకుండా ఐదు నిమిషాలు తిప్పండి. నల్లటి నూనె కారుతుంది. తుడిచి మళ్ళీ వెయ్యండి, నూనె తెల్లగా వచ్చేదాకా. సూది కడ్డీని పట్టి ఉంచే స్క్రూ మాత్రం ముట్టుకోకండి, సూదికీ హుక్కుకీ ఉన్న లెక్క తప్పితే కుట్టు పడదు.

ప్రశ్న: శుభ్రం చేసి బిగించాక చక్రం తిరుగుతోంది, సూది కదలడం లేదు.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: నాబు వెనకున్న వాషరు తిరగబడింది. నాబు మీది చిన్న స్క్రూ వదులు చేసి నాబు విప్పితే మూడు చెవుల వాషరు కనబడుతుంది. దాన్ని సగం చుట్టు తిప్పి పెట్టి బిగించండి. చాలామందికి ఇదే జరుగుతుంది.

ప్రశ్న: గుడ్డ అడుగున దారం ఉచ్చులు పడుతున్నాయి. బాబిన్ కేసు మార్చాలా?
– ఒక పాఠకురాలు, భీమవరం

జవాబు: అడుగున ఉచ్చులుంటే తప్పు సాధారణంగా పైదారానిది. మిషను పాదం ఎత్తి పెట్టి మళ్ళీ దారం ఎక్కించండి. పాదం దిగి ఉంటే, దారాన్ని బిగువుగా పట్టే టెన్షన్ బిళ్ళలు మూసుకుని దారం మధ్యలోకి పోదు. అయినా తగ్గకపోతే బిళ్ళల మధ్య నూలు పోగులుంటాయి, కాగితం ముక్కతో లాగెయ్యండి. కుట్లు తప్పుతుంటే సూది చూడండి: పొడుగాటి గాడి ఉన్న వైపు నుంచే దారం కన్నంలోకి దూరాలి.

ప్రశ్న: బంగారు పువ్వులు చెదరకుండా మురికి తియ్యాలంటే?
– ఒక పాఠకుడు, రాజోలు

జవాబు: స్పిరిట్, శానిటైజరు, థిన్నరు వద్దు, పువ్వుల మీది లక్క పూత కరిగిపోతుంది. మిషను ఆయిలులో ముంచిన దూదితో ముందు వెనకవైపు ఒక మూల రుద్ది చూడండి. దూదికి పసుపు, బంగారు రంగు అంటితే అక్కడితో ఆపెయ్యండి.